భావోద్వేగ గణన

భావోద్వేగ గణన అనేది శరీరం వెలువరించే సంకేతాల ఆధారంగా మనిషి భావోద్వేగాలనూ మానసిక శ్రమనూ యంత్రాలు ఎంతవరకు గ్రహించగలవో, గ్రహించి ఎలా స్పందించగలవో అధ్యయనం చేసే విజ్ఞానశాఖ. ‘అఫెక్టివ్ కంప్యూటింగ్’ అన్న ప్రసిద్ధ నామాన్ని దీనికి స్థిరపరచినవారు అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎంఐటీ) ఆచార్యురాలు రోజలిండ్ పికార్డ్. ఈ శాఖ నడిచిన దారిలోని ఆశలు, మలుపులు, సందేహాలు చాలావరకు ఆమె పరిశోధన జీవితంలోనే కనిపిస్తాయి.

లోపలి భావం శరీరం మీద తెలుస్తుందన్న ఎరుక పురాతనమైనది. భరతుని నాట్యశాస్త్రం స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అనే ఎనిమిది సాత్త్విక భావాలను పేర్కొంది. వీటిలో చెమట, గొంతు మారడం, ముఖవర్ణం మారడం వంటివి నేటి ఉపకరణాలు కొలిచే సంకేతాలే. అంతకన్నా గమనించవలసిన విషయం, ఆ గ్రంథం స్వేదానికి క్రోధం, భయం, హర్షం, లజ్జ, శ్రమ, రోగం వంటి పలు కారణాలను చెప్పడం. ఒకే గుర్తుకు ఇన్ని కారణాలున్నప్పుడు గుర్తును చూసి కారణాన్ని చెప్పడం ఎలా అన్న ప్రశ్న ఆధునిక పరిశోధనను మొదటినుంచీ వెంటాడుతూనే ఉంది.

ప్రయోగశాలల్లో ఈ అన్వేషణ 19వ శతాబ్దం చివర మొదలైంది. ఉద్వేగానికి లోనైనప్పుడు చర్మపు విద్యుత్ లక్షణాలు మారతాయని 1888లో ఫ్రాన్స్‌కు చెందిన ఫేరే, 1890లో రష్యాకు చెందిన తర్ఖనోఫ్ గుర్తించారు. ఆలోచనాభారాన్ని కొలిచే ప్రయత్నాల్లో 1966లో డేనియల్ కానమన్, జాక్సన్ బీటీ చేసిన ప్రయోగం ముఖ్యమైనది: అంకెలు విని గుర్తుంచుకుంటున్నంతసేపూ కంటిపాప విప్పారుతూ, వాటిని తిరిగి అప్పజెబుతున్నకొద్దీ కుంచించుకుపోతుందని వారు చూపారు. ముఖ కండరాల కదలికలను విడివిడిగా గుర్తించే పద్ధతిని 1978లో పాల్ ఎక్‌మన్, వాలెస్ ఫ్రీసన్ ప్రకటించారు.

1962లో జన్మించిన పికార్డ్ జార్జియా టెక్‌లో విద్యుత్ ఇంజినీరింగ్ చదివి, ఎంఐటీలో 1991లో డాక్టరేటు పొంది, అదే ఏడాది అక్కడి మీడియా ల్యాబ్‌లో అధ్యాపకురాలిగా చేరారు. చిత్రాలలోని అల్లికలను కంప్యూటరు చేత గుర్తింపజేయడం ఆమె తొలి పరిశోధనాంశం. భావోద్వేగం లేనిదే సరైన నిర్ణయం సాధ్యం కాదని నాడీశాస్త్రజ్ఞులు, ముఖ్యంగా 1994లో ఆంటోనియో డమాసియో, వాదించడం ఆమెను ఆలోచింపజేసింది. అయితే ఇంజినీరింగ్‌లో భావోద్వేగం గౌరవనీయమైన అంశం కాని రోజులవి; ఒక మహిళ దానిని చేపడితే తన పరిశోధననే తేలికగా చూస్తారని ఆమె భయపడ్డారు. ఆ సంకోచాన్ని దాటి 1995లో ‘అఫెక్టివ్ కంప్యూటింగ్’ అన్న సాంకేతిక పత్రాన్నీ, 1997లో అదే పేరుతో గ్రంథాన్నీ వెలువరించారు. ఈ విద్య దుర్వినియోగమయ్యే అవకాశాలకు ఆ గ్రంథంలోనే ఒక అధ్యాయాన్ని కేటాయించడం ఆమె దూరదృష్టికి నిదర్శనం.

ఆమె బృందం 2001లో ప్రచురించిన ప్రయోగం ఈ శాఖకు మైలురాయి. నటనానుభవం ఉన్న ఒకే వ్యక్తి అనేక వారాలపాటు రోజూ ఎనిమిది భావస్థితులను తెచ్చుకోగా, కండరాల బిగువు, నాడి, చర్మపు విద్యుద్వాహకత, శ్వాస అనే నాలుగు సంకేతాల ఆధారంగా కంప్యూటరు 81 శాతం సందర్భాల్లో ఆ స్థితిని సరిగా చెప్పింది. అయితే ఈ అంకెకన్నా విలువైనది ఆ ప్రయోగంలో బయటపడిన మరో సంగతి: ఒకే రోజు కలిగిన కోపానికీ సంతోషానికీ మధ్య తేడాకన్నా, నిన్నటి కోపానికీ నేటి కోపానికీ మధ్య తేడాయే కొన్నిసార్లు ఎక్కువగా ఉంది. ఒకే మనిషిలోనే ఇంత మార్పు ఉంటే అందరికీ ఒకే కొలబద్ద ఎలా సరిపోతుందన్న అనుమానం అప్పుడే కలిగి ఉండవలసింది. 2005లో జెన్నిఫర్ హీలీతో కలిసి బోస్టన్ రోడ్ల మీద కారు నడిపేవారి ఒత్తిడిని మూడు స్థాయిలుగా విభజించిన అధ్యయనం మాత్రం 97 శాతానికి మించిన ఖచ్చితత్వాన్ని సాధించింది. ఏ భావమన్నది కాక, ఎంత ఒత్తిడన్నది మాత్రమే అడగడం అక్కడ కలిసివచ్చింది.

ఆ తేడాకు కారణం చర్మంలోనే ఉంది. అరచేతిలోని చెమట గ్రంథులను నడిపేది సహానుభూత నాడీవ్యవస్థ, అంటే ఆపదలోనూ ఉత్సాహంలోనూ శరీరాన్ని సిద్ధం చేసే నాడుల వ్యవస్థ. అందువల్ల చర్మ సంకేతం ఉద్వేగపు తీవ్రతను చెబుతుందే కాని దాని రకాన్ని చెప్పదు.

ఈ సంకేతానికి సార్థకత ఊహించని చోట దొరికింది. 2007 శీతాకాలపు సెలవుల్లో ఒక విద్యార్థి, మాట రాని, ఆటిజం ఉన్న తన తమ్ముడి ఒత్తిడిని తెలుసుకోవడానికి పికార్డ్ ప్రయోగశాల నుంచి రెండు మణికట్టు పరికరాలు తీసుకువెళ్లాడు. ఒక చేతి రేఖ మామూలుగా ఉండగా రెండో చేతి రేఖ అసాధారణమైన ఎత్తుకు లేచింది. పరికరం పాడైందేమోనని పికార్డ్ ఆరా తీయగా, అది ఆ బాలుడికి మూర్ఛ రావడానికి కాస్త ముందటి సమయమని తేలింది. దాని వెంటే వైద్యులతో కలిసి చేసిన అధ్యయనాలు 2010 నుంచి వెలువడగా, మూర్ఛను గుర్తించి ఆప్తులను హెచ్చరించే ఎంబ్రేస్ అనే చేతిగడియారానికి అమెరికా ఆహార, ఔషధ పాలనా సంస్థ 2018లో అనుమతినిచ్చింది. ఒంటరిగా నిద్రిస్తున్నప్పుడు వచ్చే మూర్ఛ ప్రాణాంతకం కాగలదు గనుక ఈ ఫలితం విలువను తక్కువగా అంచనా వేయలేము.

గొంతు ద్వారా భావాన్ని గుర్తించే శాఖలో తెలుగుకు గౌరవనీయమైన స్థానముంది. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2009లో ప్రకటించిన భావ వాక్ భాండారం తెలుగులోనే రూపొందింది. విజయవాడ ఆకాశవాణికి చెందిన ఐదుగురు పురుషులు, ఐదుగురు స్త్రీలు 15 వాక్యాలను ఎనిమిది భావాలతో, పది విడతలుగా పలకగా మొత్తం 12,000 ఉచ్చారణలు సమకూరాయి. కోపం, భయం, కరుణ వంటివాటితోపాటు వ్యంగ్యాన్ని కూడా చేర్చడం దీని విశేషం. అయితే ఇవి కళాకారులు నటించిన భావాలు. నిత్యజీవితంలో గొంతు ఇంత స్పష్టంగా పలకదు.

ముఖాన్ని చూసి భావం చెప్పే వ్యాపారానికి గట్టి అభ్యంతరం 2019లో వచ్చింది. లీసా ఫెల్డ్‌మన్ బ్యారెట్, ఆమె సహ పరిశోధకులు అందుబాటులో ఉన్న అధ్యయనాలను విస్తృతంగా సమీక్షించి, ముడిపడిన కనుబొమలను బట్టి కోపమని తేల్చడం శాస్త్రసమ్మతం కాదని, మనుషులు కోపంలో నవ్వవచ్చుననీ, కోపం లేకుండానే కనుబొమలు ముడివేయవచ్చుననీ వివరించారు. 2022లో మైక్రోసాఫ్ట్ తన ముఖ విశ్లేషణ సేవ నుంచి భావ గుర్తింపును తొలగించింది. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన కృత్రిమ మేధ చట్టం పనిచేసే చోట్లా, విద్యాసంస్థల్లోనూ మనుషుల భావాలను ఊహించే వ్యవస్థలను నిషేధించగా, ఆ నిబంధన 2025 ఫిబ్రవరి 2 నుంచి అమలులోకి వచ్చింది. వైద్యానికీ భద్రతకూ ఉపయోగించే పరికరాలను మాత్రం ఆ నిషేధం నుంచి మినహాయించారు.