‘ముద్దాయి’ ఎవరు? : న్యాయ పరిభాషలో ఒక అర్థవిపర్యయం

దావా, వకాల్తా, జామీను, జప్తు, దస్తావేజు వంటి పారసీ, అరబ్బీ మూలాల పదాలు తెలుగు న్యాయవ్యవహారంలో ఎంతగా ఇమిడిపోయాయంటే, వాటిని అన్యదేశ్యాలుగా గుర్తించడానికి భాషాచరిత్ర విద్యార్థి కూడా ఒక్క క్షణం ఆగవలసి వస్తుంది. వీటిలో చాలా పదాలు మూలార్థానికి దగ్గరగానే నిలిచాయి. ‘ముద్దాయి’ మాత్రం పూర్తిగా ఎదురు పక్షానికి చేరింది.

అరబ్బీలో ‘దావా’, ‘ముద్దయీ’ ఒకే ధాతువు నుండి పుట్టినవి. దావా వేసినవాడు ముద్దయీ, అంటే వాది. ఎవరిపై దావా వేశారో అతడు ‘ముద్దఆ అలైహ్’, అంటే ప్రతివాది. పారసీ, ఉర్దూ న్యాయస్థానాలలో ఈ జంట ఇదే అర్థంతో కొనసాగింది. వాది మందకొడిగా ఉంటే సాక్షి హుషారుగా ఉన్నాడనే ఉర్దూ సామెతలో మందకొడిగా ఉన్నవాడు ముద్దయీయే. తెలుగులో ముద్దాయి అంటే నేరారోపణకు గురైనవాడు.

ఈ తారుమారుకు కారణాన్ని రెండు విధాల ఊహించవచ్చు. ‘ముద్దఆ అలైహ్’ తెలుగు నోటికి లొంగే పదం కాదు. దాని చివరి భాగం జారిపోతే మిగిలేది ముద్దాయికి అతి సమీపమైన ధ్వని. రెండవది, నాకు మరింత బలంగా తోచేది, ‘ఫిర్యాది’ అనే పదం ఉనికి. పారసీలో ‘ఫర్యాద్’ అంటే మొర. మొరపెట్టుకున్నవాడిగా ఫిర్యాది తెలుగులో వాదిస్థానాన్ని ఆక్రమించాక, జంటలో ఖాళీగా మిగిలింది ఎదురు స్థానమే. ముద్దాయి అందులోకి ఒదిగింది. సివిల్ వ్యవహారాలలో వాది, ప్రతివాది అనే సంస్కృత జంట స్థిరపడటంతో, ఫిర్యాది, ముద్దాయి క్రిమినల్ వ్యవహారాలకు పరిమితమయ్యాయి.

ఇటువంటి పరిణామం అన్యదేశ్యాలకే పరిమితం కాదు. ప్రాచీన వాఙ్మయంలో ‘తగవు’ అంటే న్యాయం, ఔచిత్యం. న్యాయం చెప్పేవాడు తగవరి. నేడు తగవు అంటే జగడమే. పదమూడవ శతాబ్దిలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగు చేసిన ధర్మశాస్త్ర సంప్రదాయంలో ‘వ్యవహారం’ అంటే న్యాయవివాదం. ఆ సంప్రదాయంలో వాది సమర్పించే అభియోగానికి ‘భాష’ అని పేరు. తెలుగు శాఖలలో పనిచేసే మనలో ఎందరికి ఈ అర్థం గుర్తుంటుంది? సమ్మతిపత్రమనే అర్థంగల ‘రాజీనామా’ పదవిని వదులుకొనే పత్రమైంది. బొంబాయి రాష్ట్ర రెవెన్యూ వ్యవహారంలో రైతు భూమిని వదులుకుంటూ రాసిచ్చే పత్రం కూడా రాజీనామాయే కనుక, ఈ మార్పుకు దారి ఏదో కొంత కనిపిస్తుంది.

అయితే తగవు, రాజీనామాలలో అర్థం జరిగింది. ముద్దాయిలో పక్షమే మారింది. పాత పత్రాలను పరిష్కరించే పరిశోధకుడికి ఇది చిన్న విషయం కాదు. కోస్తా జిల్లాలలో 1802 నుండి కంపెనీ జిల్లా న్యాయస్థానాలు ఏర్పడ్డాయి. హైదరాబాదు సంస్థానంలో న్యాయస్థానాలు మొదట పారసీలో, పంతొమ్మిదవ శతాబ్ది చివరి నుండి ఉర్దూలో నడిచాయి. కాబట్టి తెలంగాణ ఉర్దూ దస్త్రంలోని ముద్దయీని తెలుగు ముద్దాయిగా అనువదిస్తే భూమి కోసం దావా వేసిన రైతే దోషి స్థానంలో నిలబడతాడు. 1854లో బ్రౌన్ తెలుగులోని అన్యదేశ్యాల కోసం ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువును ప్రకటించాడు. మూలపదం ఇచ్చినంత మాత్రాన తెలుగు అర్థం తెలిసినట్లు కాదని పరిష్కర్తలు గుర్తించాలి.

వర్తమానంలో చిక్కు మరొకటి. ఉర్దూ ఆరోపణకు గురైనవాడిని ‘ముల్జిం’ అని, నేరం రుజువైనవాడిని ‘ముజ్రిం’ అని స్పష్టంగా విడదీసింది. తెలుగులో నిందితుడు, దోషి అనే భేదం ఉన్నా, ముద్దాయి ఆ రెండింటి నడుమ ఊగుతుంది. న్యాయస్థాన పత్రాలలో అది విచారణను ఎదుర్కొంటున్నవాడిని మాత్రమే సూచిస్తుంది. తరగతిలో అడిగినప్పుడు మాత్రం విద్యార్థులలో ఎక్కువమంది ‘నేరం చేసినవాడు’ అనే చెప్పారు. తీర్పు వెలువడేవరకు నిర్దోషిగా పరిగణించవలసిన మనిషిని పదమే ముందుగా శిక్షిస్తున్నది. 1966 అధికార భాషా చట్టం తరువాత న్యాయ పరిభాషపై జరిగిన చర్చలో పదం సంస్కృతమా, దేశ్యమా, ఉర్దూనా అనే ప్రశ్నకే పెద్దపీట దక్కిందని నా అభిప్రాయం. ‘ముద్దాయి’ని బోనులో నిలబడినవాడు ఏ అర్థంలో వింటున్నాడన్నది ఎవరూ అంతగా అడగలేదు.