నిమోనియా: దవాఖాన నుంచి ఇంటికొచ్చాక మందులు ఎలా వాడాలి?

ఊపిరితిత్తుల్లోని సన్నని గాలి సంచుల్లో ఇన్‌ఫెక్షన్ వల్ల నీరు, చీము చేరడమే నిమోనియా. జ్వరం, దగ్గు, దమ్ము, ఛాతీ నొప్పి దీని గుర్తులు. పసిపిల్లలకు, 65 ఏళ్లు దాటినవారికి, షుగర్, గుండె జబ్బు ఉన్నవారికి, పొగతాగేవారికి ప్రమాదం ఎక్కువ.

2016 అక్టోబరులో జిల్లాలైన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. మహబూబాబాద్‌లో 2022లో, మిగతా రెండు చోట్ల 2023లో మొదలయ్యాయి. వార్డులో ఉన్నన్ని రోజులు నర్సు టైముకు మందిస్తుంది. ఇంటికొచ్చాక ఆ బాధ్యత ఇంట్లోవాళ్లదే. చాలాసార్లు తప్పు జరిగేది ఇక్కడే.

జ్వరం తగ్గింది కదా, ఆపేయొచ్చా?

ఆపొద్దు. మందు పనిచేస్తుంటే సాధారణంగా రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. అప్పటికి ఇన్‌ఫెక్షన్ పూర్తిగా పోయినట్టు కాదు. మధ్యలో ఆపేస్తే జబ్బు తిరగబెట్టి మళ్లీ అడ్మిట్ కావాల్సి రావచ్చు. ఎన్ని రోజులు వాడాలో డిశ్చార్జ్ చిట్టీలో రాసి ఉంటుంది, అన్ని రోజులూ వాడాలి. వాంతులు, విరేచనాలు, ఒంటిపై దద్దుర్లు వస్తే డాక్టరుకు చెప్పి మందు మార్పించుకోవాలి.

ఒక పూట మర్చిపోతే?

గుర్తుకొచ్చిన వెంటనే వేసుకోవాలి. తర్వాతి డోసు టైము దగ్గరపడితే మర్చిపోయింది వదిలేయాలి. రెండూ కలిపి వేసుకోవద్దు.

రమజాన్‌లో ఎలా?

రోగికి రోజా నుంచి షరీఅత్ సడలింపు ఇచ్చింది. కోలుకున్నాక ఖజా రోజాలు ఉండొచ్చు. రోజుకు మూడుసార్లు వేసుకోవాల్సిన గోలీలను సహరీకి, ఇఫ్తార్‌కు సర్దేయడం సరికాదు. రోజుకు ఒకసారి, రెండుసార్లు వాడే మందు ఉందేమో డాక్టరునే అడగాలి. ఒంట్లో శక్తి లేని దాదాజాన్ "రోజా వదలను" అంటే ఇమామ్ సాబ్‌తో ఓ మాట చెప్పిస్తే వింటారు.

పిల్లల సిరప్

పొడి మందులో కాచి చల్లార్చిన నీళ్లు గీత వరకే పోయాలి. ప్రతిసారీ బాగా ఊపి, దాంతో వచ్చిన కొలత మూతతోనే పట్టాలి. వంటింటి చెంచా వద్దు. మిగిలింది ఇంకో బిడ్డకు దాచొద్దు.

దగ్గు పోకపోతే?

దగ్గు, ఆయాసం పూర్తిగా తగ్గడానికి ఆరు వారాల దాకా పట్టొచ్చు. నీరసం మూడు నెలలుండొచ్చు. అయితే రెండు వారాలు దాటినా దగ్గు తగ్గుముఖం పట్టకపోతే సర్కారు దవాఖానలో తెమడ పరీక్ష చేయించాలి. అది టీబీ కావచ్చు. ఆ పరీక్ష, మందులు ఉచితం. పరీక్ష లేకుండా దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ కొంటే, లెవోఫ్లాక్సాసిన్ లాంటివి టీబీని కొన్నాళ్లు కప్పిపుచ్చుతాయి.

ఆగకుండా వెళ్లాల్సినప్పుడు

జ్వరం మళ్లీ వచ్చినా, దమ్ము పెరిగినా, పెదాలు నీలంగా మారినా, మనిషి తికమకగా మాట్లాడినా, బిడ్డ పాలు తాగకపోయినా 108కి ఫోన్ చేయాలి. డిశ్చార్జ్ చిట్టీ, మిగిలిన గోలీలు వెంట తీసుకెళ్లాలి.