తవ్విన మన్ను ఎక్కడికి? టొరంటో రేవు చెప్పే పాఠం

కెనడా దేశపు టొరంటో నగరం ఒంటారియో సరస్సు తీరాన ఉంది. అక్కడ డాన్ నది సరస్సులో కలిసే చోట పూర్వం విశాలమైన చిత్తడినేల ఉండేది. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో దానిని పూడ్చి రేవును, కర్మాగారాలను నెలకొల్పారు. నదిని కీటింగ్ కాలువలోనికి మళ్లించగా అది లంబకోణంలో మలుపు తిరగవలసి వచ్చింది. ఫలితంగా ఆ ప్రాంతానికి ముంపు భయం ఏర్పడింది.

నివారణోపాయంగా నదికి కొత్త ముఖద్వారం తవ్వడానికి 2017లో మూడు స్థాయిల ప్రభుత్వాలు 125 కోట్ల కెనడా డాలర్లు కేటాయించాయి. వాటర్‌ఫ్రంట్ టొరంటో అనే ప్రభుత్వ సంస్థ ఈ పనిని చేపట్టింది. సుమారు ఒక కిలోమీటరు పొడవైన నదీమార్గం కొరకు పది లక్షల ఘనపు మీటర్లకు మించిన మన్ను తవ్వవలసి వచ్చింది.

ఆ మన్ను సాధారణమైనది కాదు. చమురు నిల్వలు, పరిశ్రమలు దశాబ్దాలపాటు ఉన్న నేల కావడంతో అందులో చమురు అవశేషాలు, లోహాలు చేరి ఉన్నాయి. అందువలన తవ్విన మన్నును పరీక్షించి, కాలుష్యాన్ని బట్టి వేర్వేరు గుట్టలుగా విభజించారు. వాడదగిన మన్నును అక్కడి పల్లపు భూములను ఎత్తు చేయడానికే వినియోగించి, పైన శుభ్రమైన మట్టిని పరిచారు. తవ్వకంలో ఊరిన నీటిని కూడా శుద్ధి చేశారు.

మట్టిలో విషమే కాక జీవమూ దాగి ఉంది. 2021లో పాత చిత్తడి పొర బయటపడినప్పుడు, శతాబ్దానికి పైగా నిద్రాణంగా ఉన్న విత్తనాల నుండి తుంగ, జమ్ము వంటి మొక్కలు మొలిచాయి. 2024లో కొత్త మార్గం నదితో కలిసింది. 2025 జూలైలో అక్కడ బీదాసిగే ఉద్యానవనం ప్రజలకు తెరిచారు.

తవ్విన మన్ను విషయమై ఒంటారియో రాష్ట్రం 2019లో ప్రత్యేక నిబంధనలు చేసింది. మన్ను ఎక్కడ పుట్టినది, ఎక్కడికి చేరినది అన్న వివరాలు నమోదు కావాలన్నది వాటి సారాంశం.

చెరువు పూడికమట్టిని పొలానికి తోలుకొనే రైతుకు మట్టి విలువ తెలియనిది కాదు. కానీ పాత కర్మాగారపు స్థలంలో తవ్విన మన్ను పూడికమట్టి వంటిది కాదు. పల్లాన్ని పూడ్చడానికి ఊరికే వస్తున్నదని లారీ మన్నును దింపించుకొనే ముందు, అది ఏ స్థలానిదో, పరీక్ష జరిగినదో లేదో అడిగి తెలుసుకోవడం అవసరం. పొలంలోనికి చేరిన విషం బావినీటిలోనికి చేరడానికి ఎంతో కాలం పట్టకపోవచ్చు.