రివాల్వరు పెట్టెలోని చిల్లర సామాను

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని మన సంఘ కార్యదర్శిగారు కోరారు. కలెక్టరాఫీసులో కొన్నేళ్ళు ఆయుధ లైసెన్సుల సెక్షను చూసినవాణ్ణి. మా రిజిస్టరులో తుపాకీ రకానికి, నంబరుకు, తూటాల సంఖ్యకు గడులుండేవి. వెంట వచ్చే చిల్లర సామానుకు గడి లేదు. రిటైరయ్యాక తీరిగ్గా చదువుకుంటే తెలిసిందేమిటంటే, ఒకానొక కాలంలో మనిషి ప్రాణం ఆ చిల్లర సామాను మీదే ఆధారపడి ఉండేదట. ఆ కథే ఇది.

అమెరికాలో శామ్యూల్ కోల్ట్ 1836లో రివాల్వరుకు పేటెంటు పొందాడు. ఇప్పటిలా ఇత్తడి తూటా తోసి పేల్చేది కాదది. తిరిగే సిలిండరులోని ఒక్కొక్క గదిలో ముందుగా మందు పోయాలి (తుపాకీ మందు సుమా!). దానిపై సీసపు గుండు పెట్టి గట్టిగా దట్టించాలి. గది వెనుక ఉన్న చిన్న మొనకు రాగి టోపీ తొడగాలి. దాన్నే క్యాపు అంటారు. అందులో చిటికెడు పాదరసపు పేలుడు మందు ఉంటుంది. సుత్తి దానిమీద పడితే నిప్పురవ్వ లోపలికి పోయి మందు అంటుకుంటుంది.

ఇన్ని పనులకు ఇన్ని పనిముట్లు కావాలి గదా! అందుకే మంచి రివాల్వరును మహాగని లేదా ఓకు చెక్క పెట్టెలో అమర్చి అమ్మేవారు. అందులో మందు బుడ్డి, సీసం కరిగించి పోసే అచ్చు, క్యాపుల డబ్బా, మొనలు విప్పే తాళంచెవి వంటి పనిముట్టు ఉండేవి. బుడ్డి మూతి గొట్టమే కొలత. ఆ గొట్టం పట్టినంత మందు ఒక గదికి సరిపోతుంది. గుండు గదికన్నా వెంట్రుకవాసి పెద్దదిగా ఉండాలి. దట్టించేటప్పుడు అంచు సీసం కొంచెం గీసుకుపోయి గుండు బిగుసుకుంటుంది. వదులుగా ఉంటే పక్కగది మంట ఇందులోకి దూరి, ఒకేసారి రెండు మూడు గదులు పేలే ప్రమాదం. క్యాపు వదులైతే ఊడిపోతుంది, బిగువైతే సరిగా కూర్చోదు. పేలిన క్యాపు ముక్క యంత్రంలో పడితే సిలిండరు తిరగదు. కనుక తుపాకీ ఎన్నుకోవడం ఒక ఎత్తు, సామాను ఎన్నుకోవడం మరొక ఎత్తు.

కోల్ట్ తొలి రివాల్వర్లకు దట్టించే మీట లేదు. గుండ్లు అయిపోతే గొట్టం విప్పి, సిలిండరు బయటకు తీసి, వేరే పనిముట్టుతో దట్టించాలి. గుర్రం మీద పరుగెత్తేవాడు ఆ పని ఎలా చేయగలడు? 1839లో గొట్టం కిందనే మీట బిగించడం మొదలైంది. 1847లో అమెరికా సైన్యానికి వెయ్యి చేసి ఇచ్చిన వాకర్ రివాల్వరు సుమారు రెండు కిలోల బరువుండేది. దాని దెబ్బకు ఆ మీట ఊడి కిందికి వేలాడేది. సైనికులు తోలు పట్టీతో కట్టుకుని వాడుకున్నారు. అంత గొప్ప ఆయుధానికీ తోలు ముక్క తోడు కావలసి వచ్చింది.

ఇంగ్లండులో 1851లో రాబర్ట్ ఆడమ్స్ వేరే దారి పట్టాడు. ఆయన రివాల్వరుకు మొదట మీటే లేదు. అడుగున ఉన్నిబిళ్ళ అతికించిన గుండును బొటనవేలితో నొక్కితే చాలు. పని త్వరగా అయ్యేది గాని, గుండు ముందుకు జారిపోయే భయం ఉండేది. 1855లో జేమ్స్ కెర్ అనే ఆయన మీట తయారుచేసి ఆ లోటు తీర్చాడు. ఆ రోజుల్లో బ్రిటిష్ అధికారులు పిస్తోలును సొంత డబ్బుతో కొనుక్కునేవారు. 1857లో మన దేశంలో తిరుగుబాటు వచ్చినప్పుడు వారి నడుముల్లో కోల్టులూ, ఆడమ్సులూ రెండూ ఉన్నాయి.

అమెరికా అంతర్యుద్ధం 1861లో మొదలయ్యాక యుద్ధభూమిలో సీసం కరిగిస్తూ కూర్చునే తీరిక ఎవరికుంటుంది? మందూ గుండూ కలిపి పలుచని కాగితంలో చుట్టిన తూటాలు ఆరేసి చొప్పున పొట్లాలుగా వచ్చాయి. కాగితంతో సహా గదిలో దట్టించి, క్యాపు తొడిగితే సరి. అచ్చూ బుడ్డీ ఇంటి పెట్టెలో మిగిలాయి.

ఇంతవరకూ ఇది పరాయి దేశాల కథ. కాని ఆ బుడ్డిలోని మందు ఎక్కడిది? తుపాకీ మందులో సుమారు ముప్పాతిక వంతు సూరేకారం, మిగతాది బొగ్గు, గంధకం. ఆనాడు ప్రపంచానికి మేలైన సూరేకారం ప్రధానంగా మన బీహారు నుంచే వెళ్ళేది. నోనియా కులస్థులు ఉప్పుమన్ను గీకి, నీటిలో కలిపి వడగట్టి, కాచి, పెట్లుప్పు తీసేవారు. అది గంగ మీదుగా కలకత్తా చేరి, ఓడలెక్కి లండను పోయేది.

1861 నవంబరులో అమెరికా ప్రభుత్వం తరఫున లామో డ్యూపాంట్ లండను వెళ్ళి, అక్కడున్న సూరేకారాన్ని పెద్దఎత్తున కొన్నాడు. అదే సమయంలో ట్రెంట్ అనే బ్రిటిష్ ఓడ మీద ఉన్న ఇద్దరు దక్షిణాది రాయబారులను లింకన్ నౌకాదళం పట్టుకుంది. బ్రిటన్ మండిపడి సూరేకారం ఎగుమతిని నిషేధించింది. డిసెంబరు చివర్లో లింకన్ ప్రభుత్వం ఆ ఇద్దరినీ వదిలిపెట్టడానికి ఒప్పుకుంది. 1862 జనవరిలో నిషేధం తొలగి, సరుకు కదిలింది. యుద్ధం చేస్తున్న దేశం మరో యుద్ధం తెచ్చుకోకుండా తగ్గడానికి గల కారణాల్లో మన మట్టిలోంచి తీసిన ఉప్పు కూడా ఒకటి.

తరువాత ఈ సరంజామా అంతా మూలబడింది. సిలిండరును ఆరపార తొలిచే పద్ధతికి రోలిన్ వైట్ 1855లో పొందిన పేటెంటు స్మిత్ అండ్ వెస్సన్ చేతిలో ఉండేది. 1869లో దాని గడువు ముగిసింది. 1873లో కోల్ట్ కంపెనీ కూడా ఇత్తడి తూటాల రివాల్వరు తెచ్చింది. మందు, గుండు, క్యాపు మూడూ ఒక్క తూటాలో ఇమిడాయి. నేడు పాత వస్తువులు సేకరించేవారు ఒంటి పిస్తోలుకన్నా సామాను చెదరని పెట్టెకే ఎక్కువ ధర పెడతారు.

ఆ పెట్టెల మీద కోల్ట్ పేరుంటుంది, ఆడమ్స్ పేరుంటుంది. క్యాపుల డబ్బా మీద ఈలీ బ్రదర్స్ పేరుంటుంది. మన్ను గీకిన నోనియా పేరు దేనిమీదా లేదు. ఆఫీసులో జీవితమంతా ఇతరుల సంతకాల కింద ఫైళ్ళు సిద్ధం చేసిన మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. మనుమలు సినిమాలో కౌబాయ్ పిస్తోలు చూసి ముచ్చటపడినప్పుడు, అందులోని మందు ఏ ఊరి మట్టి నుంచి పోయిందో కాస్త చెప్పండి.