హెరాల్డ్ ఇంజిన్‌కు టైమింగ్ కలిపే తీరు

పెట్రోలైనా డీజిలైనా, నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టు తిరగాలి. ఆ జోడీ ఒక్క పన్ను తప్పినా వాల్వులు వేళకు తెరుచుకోవు, ఇంజిన్ బలం పడిపోతుంది.

నల్గొండ జిల్లా మెట్ట ప్రాంతాల్లో, తిరుమలగిరి వంటి చోట్ల, టైమింగ్ కలిపే పని కార్ల కంటే ముందు బావుల మీది ఆయిల్ ఇంజిన్లకే ఎక్కువ అవసరపడింది. పుణేలో 1946లో మొదలైన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజిన్స్ తయారుచేసిన 5 హార్స్‌పవర్ ఏవీ-1 ఇంజిన్‌లో ఇన్‌లెట్ వాల్వు పిస్టన్ పైకి చేరడానికి 4.5 డిగ్రీల ముందు తెరుచుకుంటుంది, ఎగ్జాస్ట్ వాల్వు అంతే డిగ్రీల తర్వాత మూసుకుంటుంది. గేర్ల మీది మార్కులు ఎదురెదురుగా కలిపితే టైమింగ్ కుదిరినట్టే.

ఇక కార్ల సంగతి. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961లో హెరాల్డ్ కారు తయారీ మొదలుపెట్టింది. దాని 948 సీసీ ఇంజిన్, ఇంగ్లండ్‌లో 1953 నాటి స్టాండర్డ్ ఎయిట్‌తో మొదలైన వంశానిది. అదే వంశపు 1,147 సీసీ ఇంజిన్‌తో 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు వచ్చింది. అందుకే హెరాల్డ్ విప్పి బిగించిన చేతికి స్పిట్‌ఫైర్ ఇంజిన్ కొత్తగా అనిపించదు.

ఈ ఇంజిన్లకు మార్కులు లేకున్నా టైమింగ్ కలిపే పద్ధతి ఒకటుంది. మెకానిక్ విద్యలో ఇంత తెలివైన ఉపాయాలు అరుదు. ముందు నాలుగో సిలిండర్ వాల్వులు రెండూ పూర్తిగా మూసుకున్నప్పుడు, వాల్వులను నొక్కే రాకర్ల దగ్గర ఖాళీని అంగుళంలో 40 వెయ్యోవంతులకు, అంటే సుమారు 1 మిల్లీమీటరుకు పెంచుతారు. తర్వాత క్రాంక్‌నూ క్యామ్‌షాఫ్ట్‌నూ కలిపే చైన్ వేయకుండా ఒకటి, నాలుగు పిస్టన్లను సరిగ్గా పైకి తెస్తారు. క్యామ్‌షాఫ్ట్‌ను మెల్లగా తిప్పుతూ, నాలుగో సిలిండర్‌లో ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్‌లెట్ తెరుచుకునే చోట ఆపుతారు. ఫీలర్ గేజ్‌కు రెండు ఖాళీలూ సమానంగా తగిలితే అదే సరైన స్థానం. వాల్వులు తెరుచుకునే, మూసుకునే డిగ్రీలు రెండు వైపులా సమానం కాబట్టే ఇది పనిచేస్తుంది.

చైన్ కూర్చునే క్యామ్‌షాఫ్ట్ స్ప్రాకెట్‌కున్న నాలుగు రంధ్రాలు పంటి మధ్యకు కాస్త పక్కగా ఉంటాయి. దాన్ని 90 డిగ్రీలు తిప్పి బిగిస్తే అర పన్ను, ముందువైపు వెనక్కి వచ్చేలా తిరగేసి బిగిస్తే పావు పన్ను తేడా వస్తుంది. చైన్ పన్ను మీద సరిగ్గా కూర్చోకపోతే ఈ సర్దుబాటే ఆధారం.

స్పిట్‌ఫైర్ తయారీ 1980లో ఆగింది. ఇప్పుడు పాత ఇంజిన్లను తిరిగి కట్టేటప్పుడు మళ్లీ గ్రైండ్ చేసిన క్యామ్‌షాఫ్ట్‌లు, కొత్త స్ప్రాకెట్లు వాడతారు. ఆ క్యామ్‌షాఫ్ట్‌ల డిగ్రీలు రెండు వైపులా సమానంగా లేకపోతే ఫీలర్ గేజ్ పద్ధతి చాలదు. క్రాంక్‌కు డిగ్రీ చక్రం, వాల్వు మీద డయల్ గేజ్ బిగించి, వాల్వు అత్యధికంగా తెరుచుకునే చోటును కొలవాలి. ఏ పద్ధతిలో కలిపినా, స్టార్ట్ చేసేముందు క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి.