పేరు తెలియని దేవుడికి

బెజవాడ దగ్గర కృష్ణ ఒడ్డు స్నానాల జనంతో కిటకిటలాడుతోంది. 1859 మార్చి నెల. శివరాత్రి రోజులే అయివుండాలి. ఆ ఏడు పండగ మార్చి మొదట్లోనే పడింది. ఆనకట్ట కట్టి అప్పటికి నాలుగేళ్ళు.

జనానికి ఎడంగా నిలబడ్డాడు పాగోలు వెంకయ్య. నందిగామ వైపు రాఘవాపురం మాలపల్లె ఆయనది. నీళ్ళలోంచి వస్తున్న ఒక బ్రాహ్మణుణ్ణి దూరం నుంచే అడిగాడు.

"అయ్యగారూ, దేవుడెక్కడుంటాడండీ?"

"ఎదురుగా కృష్ణమ్మ ఉందిగా. దణ్ణం పెట్టుకో."

"ఎండల్లో ఎండుద్ది, వానల్లో పొంగుద్ది. దేవుడు కూడా అట్టా తరిగి పెరుగుతాడాండీ?"

ఆయన కసురుకోలేదు. "ఆ బంగళాలో దొర ఉన్నాడు, వెళ్ళి అడుగు" అన్నాడు. మాటలు నేను అల్లినవే గానీ సారం మిషను రాతల్లోది. ఈ కథలో దారి చూపింది ఆ బ్రాహ్మణుడేనన్న సంగతి ప్రసంగాల్లో తరచుగా జారిపోతుంటుంది.

వెంకయ్య ప్రశ్న ఆ పూట పుట్టింది కాదు. వయసులో ఉండగా దోపిడీ ముఠాకు నాయకుడని మిషనరీలు రాశారు. పాత బతుకు ఎంత నల్లగా ఉంటే మారుమనసు అంత తెల్లగా కనిపిస్తుంది కాబట్టి ఆ మాటను కొంచెం తగ్గించి వింటాను. 1849 ప్రాంతంలో, రాతి బొమ్మలు దేవుళ్ళు కావని పాదిరి ఒకరు చెప్పిన మాట ఎవరి నోటో ఆయన చెవిన పడింది. విగ్రహాలను వదిలేశాడు. వదిలేశాక ఎవరికి మొక్కాలి? పేరు తెలియదు, ఊరు తెలియదు. ఓ గొప్ప దేవుడా, నువ్వెవరు, ఎక్కడున్నావు, నాకు కనపడు అని రోజూ ప్రార్థించేవాడట. దాదాపు పదేళ్ళు. చేతిలో బైబిలు లేదు, పక్కన బోధకుడు లేడు, ఊళ్ళో గుడి మెట్టెక్కే హక్కు ఎటూ లేదు.

ఊరికి ఆవల ఉండే మాలపల్లె నాకెప్పుడూ లంకలాగే తోస్తుంది. కృష్ణ నడుమ లంకకైనా పడవ ఉంటుంది. దీవి అనగానే ఇంకో ప్రార్థన గుర్తొస్తుంది. వెంకయ్య ప్రార్థన మొదలైన వందేళ్ళకు, 1949లో, స్కాట్లండు లూయిస్ దీవిలోని బార్వాస్ గ్రామంలో ఎనభై దాటిన అక్కచెల్లెళ్ళిద్దరు ఇంట్లో కూర్చుని చేసిన ప్రార్థనతోనే అక్కడి ఉజ్జీవం మొదలైందని లోకమంతా చెప్పుకుంటారు. అందులో ఒకామెకు చూపు లేదు. వాళ్ళకు ఎవరిని పిలుస్తున్నారో తెలుసు. వెంకయ్యకు అదీ తెలియదు.

బంగళాలో ఉన్నది చర్చి మిషనరీ సొసైటీ పాదిరి డార్లింగ్. ఈ మిషనుకు మాలపల్లెల మీద మొదట్లో పెద్దగా చూపు లేదు. 1841లో బందరు చేరిన రాబర్ట్ నోబుల్ రెండేళ్ళకు బడి పెట్టింది పెద్ద కులాల పిల్లల కోసం. వాళ్ళు మారితే ఊళ్ళు వాటంతటవే మారతాయని ఆయన లెక్క. ఆ లెక్కలో వెంకయ్య లేడు.

డార్లింగ్ క్రీస్తు గురించి చెప్పుకొస్తున్నాడు. వెంకయ్య వింటున్నాడు. నమ్మమని ఇంకా ఎవరూ అడగలేదు, వాదమూ జరగలేదు. మధ్యలోనే వెంకయ్య గొంతు లేచింది: ఈయనే నా దేవుడు, ఇన్నాళ్ళూ వెతుకుతున్నది ఈయన్నే! పదేళ్ళుగా పిలుస్తున్నవాడి పేరు ఇప్పుడు వినబడింది, అంతే. ఆ కేక విన్న డార్లింగ్ ముఖం ఎలా ఉందో ఊహించుకోవాల్సిందే. మనిషిని ఒప్పించడానికి ఏళ్ళు పట్టే పనిలో ఉన్నవాడాయన.

వెంకయ్య బెజవాడలో ఉండిపోలేదు. తిన్నగా పల్లెకు వెళ్ళి తనవాళ్ళను కూర్చోబెట్టి విన్నది చెప్పాడు. తర్వాత డార్లింగ్ రాఘవాపురం వచ్చేసరికి జనం ఎదురుచూస్తున్నారు. ఆ ఏడాదే పలువురు బాప్తిస్మం పొందారు. అక్కణ్ణుంచి మాట చుట్టాల వెంట పల్లె నుంచి పల్లెకు, పెళ్ళిళ్ళకూ చావులకూ నడిచే డొంకల మీదుగా వెళ్ళింది.

బందరులో నోబుల్ బడి తలుపులు మాత్రం ఆ పల్లెల పిల్లలకు అప్పటికి ఇంకా మూసే ఉన్నాయి.