బీడునేల పుష్పము

జూబిలీ హిల్సు, ఫిలింనగరు అనిన మాత్రమున మీ మనుమలకు సినిమా తారల మేడలు స్ఫురించును. 1976లో అన్నపూర్ణా స్టూడియో వెలసిన నాటికిని ఆ చుట్టుప్రక్కల గుండ్రాళ్లు, వాని నడుమ వానకు మొలచి వేసవి కెండు గడ్డియే విస్తారము. అట్టి నేలను మనము బీడందుము. సర్కారు లెక్కలలో అది బంజరు. బంజారా హిల్సు పేరు ఈ మాటనుండి పుట్టలేదు సుమా. అది లంబాడీల జాతినామము. బంజరనగా పంట లేనిదే గాని ప్రాణము లేనిది కాదు. ఇందులకు సాక్ష్యమును మన తెలుగునాట నుండియే యొక పరదేశీయుడు వ్రాసి యుంచెను.

ఆయన విలియం రాక్సుబరో. స్కాట్లండు దేశీయుడు, కుంపిణీ వైద్యుడు. 1781 మొదలు సామర్లకోటలో నుండి చెట్టుచేమలను పరిశీలించి, దేశీయ చిత్రకారులచేత రంగుబొమ్మలు వ్రాయించెను. కోరమాండలు తీరపు మొక్కలను గూర్చిన ఆయన గ్రంథము 1795లో లండనున వెలువడ నారంభించి, 1820 నాటికి మూడు సంపుటములు, 300 చిత్రములు నయ్యెను. మొదటి సంపుటమందలి 37వ చిత్రము ఒక నేల ఆర్కిడ్డు.

ఆషాఢ శ్రావణముల వానలకు దాని యాకులు నేల కంటుకొని పరచుకొనును. నడుమ నొక కాడ. దానిపై పరిమళించు తెల్లని పూలు. వానలు వెనుకబట్టగనే ఆకును కాడయు నెండును. దుంప మాత్రము మట్టిలో మఱుసటి యేటి వఱకు నిద్రించును. వైశాఖమున నేల కొలువవచ్చిన యుద్యోగి కంటికి అచ్చట నేమియు లేదు. ఆ దుంప యాకారమునుబట్టియే యవనులు ఆర్కిసు అని పేరిడిరి. ఆ మాట యర్థము సభలో చెప్పదగినది కాదు. విత్తనము ధూళివంటిది, తనలో ఆహారము లేనిది. మట్టిలోని బూజు పోగులు పోషింపనిదే మొలవదు. కావున తిరుగబడిన నేలలో చల్లిన మాత్రమున రాదు.

రాక్సుబరో దీనిని ఆర్కిసు ప్లాంటజీనియా అనెను. స్టూడియో వెలసిన ఆ 1976లోనే శాస్త్రజ్ఞులు దీనికి హబెనేరియా రాక్సుబర్గియై అని ఆయన పేరే నిలిపిరి. బొమ్మ వ్రాసిన చిత్రకారుని పేరు మాత్రము ఏ పుష్పమునకును రాలేదు. ఇది నాకు కష్టముగా తోచును.

1998లో జూబిలీ హిల్సు నడుమ కాసు బ్రహ్మానందరెడ్డి పేర జాతీయోద్యానము ప్రకటింపబడుటచే కొంత రాతినేల మిగిలినది. మన యూరి బీళ్లకు అట్టి ప్రకటనలు లేవు. ట్రాక్టరు ఒక్క పూటలో బీడంతయు తిరుగవేయును; ఈ దుంప కఱ్ఱు కందనంత లోతున నుండదు. ఈ శ్రావణమున పశువుల వెంట పోవు పిల్లలను, నేల కంటిన ఆకుల నడుమ తెల్లపూల కాడ యెచ్చట నున్నదో చూపుమని యడుగుడు.